గుర్రపు తోక ఖరీదు

కృష్ణదేవరాయల వైభవాన్ని వేదికలెక్కి వర్ణించేవారు ఆ వివరాలు ఎవరి కలం నుంచి వచ్చాయో చెప్పడం అరుదు. వాటిలో చాలాభాగం ఒక పోర్చుగీసు రాతప్రతిలోనివి. వాస్కోడగామా తెరిచిన సముద్రమార్గాన వచ్చిన ఇద్దరి రచనలు అందులో ఉన్నాయి. 1520 ప్రాంతంలో రాయలను కళ్లారా చూసినవాడు డొమింగో పేస్. 1535 ప్రాంతంలో విజయనగరంలో మూడేళ్లున్న ఫెర్నావో న్యూనిజ్ గుర్రాల వర్తకుడు.

రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడంటాడు న్యూనిజ్. అంతకు ముందు సాళువ నరసింహుడైతే, సముద్రంలో చచ్చిన గుర్రానికి సైతం తోక తెచ్చి చూపితే బతికినదానితో సమానంగా సొమ్ము ఇచ్చేవాడట! అమ్మేవాడి మాట గనుక కొంత తగ్గించుకొని చదవవలసిందే. అయినా అశ్వదళం కోసం ఆ రాజ్యం పడమటి రేవుల మీద ఎంతగా ఆధారపడిందో ఈ తోక చెబుతుంది. 1510లో గోవా పోర్చుగీసుల వశమైనప్పుడు ఆ అవసరమూ వారి గుప్పిట్లోకి పోయింది. రాయల ప్రాభవాన్ని కీర్తించే ప్రసంగాలలో ఈ సంగతి వినిపించదు.

పారిస్ జాతీయ గ్రంథాలయంలోని ఈ ప్రతిని దావిద్ లోపెస్ 1897లో లిస్బన్‌లో అచ్చువేయించాడు. సందర్భం గామా యాత్రకు నాలుగు వందల ఏళ్ల ఉత్సవం. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయల్ 1900లో దానిని ఆంగ్లంలోకి తెచ్చాడు. తెలుగువారు రాయల కొలువును అక్కడి నుంచే మళ్లీ చూశారు.