మిల్లు గోడకు ధర, మిల్లు కూలీకి మస్టర్ కాగితం: లాఫ్ట్ ఇళ్ల కథ ఆదోని నుంచి

మన ఇళ్లలో లాఫ్ట్ అంటే అటక. పాత బిందెలు, పండక్కి మాత్రమే దించే సామాన్లు, చదివేసిన పుస్తకాల మూటలు పెట్టుకునే చోటు. మహానగరాల రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఆ మాటకు వేరే అర్థం ఉంది. మూతపడ్డ మిల్లునో, పాత గోదామునో కూలగొట్టకుండా, లోపల మాత్రం మార్చి అమ్మే ఇల్లు అది. ఎత్తైన కప్పు, పూత పూయకుండా వదిలేసిన ఇటుక గోడ, ఇనుప స్తంభాలు, గోడంత కిటికీ. చుట్టూ ఆర్ట్ గ్యాలరీలు, కాఫీ షాపులు. ఆ పేటకు 'క్రియేటివ్' అని ముద్దు పేరు.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు దీంతో ఏం పని అనిపించవచ్చు. ఇలాంటి ఇళ్లు అమ్మే కాలం ఇక్కడికి ఇంకా రాలేదు. కానీ చాలాచోట్ల ఈ ఇళ్లు లేచింది బట్టల మిల్లుల్లో, పత్తి గోదాముల్లో. అవి ఉన్న ఊళ్లలో పని ఆగిపోయాక భూమి ఎవరి చేతికి పోయింది, అందులో పనిచేసిన దళితులకు ఏం మిగిలింది అన్నది తెలుసుకుంటే మన ఊళ్ల మిల్లు స్థలాల సంగతి అడగడానికి పనికొస్తుంది.

పత్తి ఊరు, పని వాళ్లు

ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలో తాలూకా. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో పాటు ఇటు వచ్చింది. చుట్టూ నల్లరేగడి, ఊరి మీదుగా మద్రాసు-బొంబాయి రైలు మార్గం. బ్రిటిష్ కాలపు పత్తి వ్యాపారంలో బళ్లారి వైపు పత్తిని 'వెస్టర్న్స్' అనీ, నంద్యాల వైపు పత్తిని 'నార్తర్న్స్' అనీ పిలిచేవారు. ఆదోనిని 'రెండో బొంబాయి' అనడం ఇప్పటికీ వింటాం.

పత్తి ఊరిలో రెండు రకాల పని ఉంటుంది. రైతు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరు చేసి దూది తీయడం జిన్నింగు. ఆ దూదిని అదిమి బేలు కట్టడం ప్రెస్సింగు. వంద కిలోల పత్తిలో దూది మూడో వంతు పైచిలుకు, మిగిలింది గింజే. ఒక్కో బేలు 170 కిలోలు. ఈ పనికి స్థలం కావాలి, గాలి ఆడే ఎత్తు కావాలి, బేళ్లు పేర్చడానికి మధ్యలో గోడల్లేని హాలు కావాలి. నూలు మిల్లుల్లో, మరమగ్గాల షెడ్లలో అయితే కప్పును రంపపు పళ్లలా కట్టి ఉత్తరం వైపు అద్దాలు పెట్టేవారు. ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే రకం వెలుతురు ఉండాలి, తెగిన పోగు కంటికి కనపడాలి. లాఫ్ట్ కొనేవాళ్లు ఇవాళ మెచ్చుకునే వెలుతురు ఆ పోగు కోసం పెట్టిందే.

ఆ హాల్లో గాలి మాత్రం మెచ్చుకునేది కాదు. దూది నూగు ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం దాని తొలి గుర్తు. జిన్నుల్లో పత్తిలోని చెత్త ఏరే ఆడవాళ్లు, బోరాలు దించే, బేళ్లు ఎత్తే హమాలీలు దళిత, వెనుకబడిన కులాల, పేద ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. వీళ్లలో చాలామంది పేర్లు కంపెనీ మస్టర్‌లో ఉండవు. మేస్త్రీ కింద, ముఠా కింద, సీజన్ కింద ఉంటారు. ముఠా, జట్టు, హమాలీ కార్మికులకు రక్షణ కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1976లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు విన్న హమాలీ ఎదురైతే ఆశ్చర్యపోవాలి.

ఎమ్మిగనూరు కథ కొంచెం వేరు. అక్కడ 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని మొదలుపెట్టారు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. దళారి చేతిలోంచి మగ్గాన్ని విడిపించాలన్న ఆ పని గొప్పదే. అయితే ఆ చరిత్రలో ఎప్పుడూ వినపడని మాట ఒకటుంది. రాయలసీమ పల్లెల్లో ముతక బట్ట నేసిన వాళ్లలో మాలలూ ఉన్నారు. 'చేనేత' అనగానే మనకు గుర్తొచ్చే కులాల్లో వాళ్ల పేరు రాదు. మగ్గం పోయాక వాళ్లు కూలీలయ్యారు, నేతగాళ్లన్న గుర్తు కూడా పోయింది.

ఇప్పుడు ఇదే ప్రాంతంలో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోయడానికి, పత్తి ఏరడానికి. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. పెద్ద పత్తి మార్కెట్ ఉన్న ఊరి చుట్టూ పల్లెలవాళ్లు వేరే జిల్లాకు పత్తి ఏరడానికి పోవడం ఏమిటని బయటివాళ్లు అడుగుతుంటారు. మార్కెట్ ఉన్నంత మాత్రాన పొలానికి నీళ్లు రావు, చేతికి ఏడాది పొడవునా పని రాదు.

గోదాము ఇల్లెలా అయింది

న్యూయార్క్‌లో సోహో అనే పేట ఈ మోజుకు పుట్టిల్లు. 19వ శతాబ్దంలో కట్టిన ఇనుప ముఖద్వారాల భవనాలు, వాటిలో బట్టల వ్యాపారం, చిన్న ఫ్యాక్టరీలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ వ్యాపారం తగ్గి, పై అంతస్తులు ఖాళీ అయ్యాయి. అద్దె తక్కువని చిత్రకారులు, శిల్పులు చేరారు. అది నివాసానికి అనుమతి లేని చోటు కాబట్టి దొంగచాటుగా ఉన్నారు. 1971లో నగరం కళాకారులకు మాత్రం అనుమతి ఇచ్చింది. తర్వాత పదేళ్లలో లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు వచ్చారు. సామాజికవేత్త షారన్ జూకిన్ 1982లో 'లాఫ్ట్ లివింగ్' అనే పుస్తకం రాసింది. కళాకారులు ఆ పేటకు ఒక పేరు తెచ్చారనీ, ఆ పేరును పెట్టుబడి వాడుకుందనీ, అక్కడ మిగిలి ఉన్న చిన్న పరిశ్రమలనూ వాటి కార్మికులనూ అద్దెలు బయటకు నెట్టాయనీ ఆమె చూపించింది.

మన దేశంలో గోదాములు కళకు మారిన పేరున్న ఉదాహరణ కొచ్చి. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే ఫోర్ట్ కొచ్చిలోని ఆస్పిన్‌వాల్ హౌస్‌లో, చుట్టుపక్కల పాత సరుకు గోదాముల్లో నడిచింది. మంచి ప్రదర్శనలు వచ్చాయి, దళిత కళాకారుల పని కూడా జనం చూశారు. మిల్లు ఇల్లుగా, మాల్‌గా మారడం చూడాలంటే మాత్రం ముంబై పోవాలి.

ముంబై: నోటితో లాగే దారం

పరేల్, లోయర్ పరేల్, వర్లీ ప్రాంతాన్ని గిరణ్‌గావ్ అనేవారు, అంటే మిల్లుల ఊరు. అంబేడ్కర్ 1912 నుంచి 1934 దాకా పరేల్‌లోని బీఐటీ చాల్‌లోనే ఉన్నారు. ఆ మిల్లుల్లో కులం ఎక్కడ కూర్చుందో చూడాలంటే నేత ఖాతాలోకి వెళ్లాలి. జీతం ఎక్కువ ఉండేది అక్కడే, దళితులకు ప్రవేశం లేనిదీ అక్కడే. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి రంధ్రంలోంచి బయటకు లాగాలి. ఒకే నాడె చేతులు మారుతుంది. అంటరాని నోరు తగిలిన నాడెను మేం ముట్టుకోం అన్నారు సవర్ణ కార్మికులు. దళితులు తక్కువ కూలి ఉన్న స్పిన్నింగు ఖాతాలోనే ఉండిపోయారు. 1928 సమ్మె సమయంలో అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టారు. యజమాని చేసే అన్యాయం మీద సమ్మె చేస్తూ తోటి కార్మికుడు చేసే అన్యాయం మీద నోరు మెదపకపోతే ఎలా అన్నది ఆయన ప్రశ్న.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు కోలుకోలేదు. 1991లో వచ్చిన నగర అభివృద్ధి నిబంధనల్లో మిల్లు భూమి అమ్మితే ఒక వంతు ఖాళీ స్థలాలకు, ఒక వంతు ప్రజా గృహాలకు, ఒక వంతు యజమానికి అని రాశారు. 2001లో ఒక సవరణ చేసి, భవనాలు లేని ఖాళీ జాగాకు మాత్రమే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. మిల్లు ఆవరణలో ఖాళీ జాగా ఎంత ఉంటుంది? బొంబాయి హైకోర్టు 2005లో దీన్ని అడ్డుకుంది. 2006లో సుప్రీంకోర్టు సవరణనే సమర్థించింది.

ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. కమలా మిల్స్ ఆఫీసులూ రెస్టారెంట్లూ అయింది. 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని పైకప్పు రెస్టారెంటులో మంటలు లేచి 14 మంది చనిపోయారు. పాత కట్టడం అందంగా ఉందని లోపల ఇష్టం వచ్చినట్టు మార్చేస్తే తప్పించుకునే దారి ఉండదని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

కార్మికులకు ఇళ్లు రాలేదా అంటే, కొన్ని వచ్చాయి. 1982 జనవరి 1 నాటికో ఆ తర్వాతో మిల్లు మస్టర్‌లో ఉన్నవాళ్లు, లేదా వాళ్ల వారసులు అర్హులు. లక్షకు పైగా దరఖాస్తులు వస్తే దక్కినవి వేలల్లోనే. ఇల్లు 225 చదరపు అడుగులు. బదిలీ కార్మికుడిగా బతుకంతా గడిపినవాడు, కాంట్రాక్టరు కింద ఊడ్చిన ఆడమనిషి ఆ లెక్కలోకి రావాలంటే కాగితం చూపించాలి.

ఇందూ మిల్లు

దాదర్ చైత్యభూమి పక్కనే ఉన్న ఇందూ మిల్లు భూమి, సుమారు 12 ఎకరాలు, నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిలో ఉండేది. సముద్రం ఒడ్డున, కోట్లు పలికే చోటు. అక్కడ అంబేడ్కర్ స్మారకం కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 2011 డిసెంబరు 6న, మహాపరినిర్వాణ దినం రోజు, రిపబ్లికన్ సేన కార్యకర్తలు ఆ ఆవరణలోకి వెళ్లి అక్కడే కూర్చున్నారు. మరుసటి ఏడాది కేంద్రం భూమి ఇవ్వడానికి ఒప్పుకుంది. 2015 అక్టోబరు 11న శంకుస్థాపన జరిగింది. విగ్రహం ఎత్తు గురించి, ఆలస్యం గురించి మనలోనే చాలా వాదనలున్నాయి, ఉండాలి కూడా. కానీ మిల్లు భూమి బిల్డరుకు పోవడం తప్పదనుకునే చోట దళిత ఉద్యమం దాన్ని ఆపి మరో దారి పట్టించింది.

ఇదే కార్పొరేషన్ పేరు ఆదోనిలోనూ ఉంది. 1974లో కేంద్రం 103 ఖాయిలా మిల్లులను జాతీయం చేసింది. తెలుగు నేల మీద ఎన్‌టీసీ చేతిలో ఉన్న మిల్లుల్లో ఆదోని కాటన్ మిల్స్, తాడిపత్రిలోని అనంతపూర్ కాటన్ మిల్స్, రేణిగుంటలోని తిరుపతి కాటన్ మిల్స్, వరంగల్ ఆజంజాహీ మిల్లు ఉన్నాయి. తర్వాత పునరుద్ధరణ పేరుతో ఒక పథకం వచ్చింది. నడవవనుకున్న మిల్లుల్ని మూసెయ్యడం, కార్మికుల్ని స్వచ్ఛంద విరమణ మీద పంపడం, మిగులు భూములు అమ్మి ఆ డబ్బుతో మిగతా మిల్లుల్ని నడపడం. ఆదోని మిల్లు మూతపడిన జాబితాలోకి పోయింది. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లుకు వరంగల్‌లో రెండు వందల ఎకరాలకు పైగా ఉండేది. ఆ భూమిలో చాలా భాగం ప్లాట్లయింది. లాఫ్టులూ లేవు, గ్యాలరీలూ లేవు. మన దగ్గర మిల్లు గోడల్ని నిలబెట్టి అమ్మడం కంటే కూల్చి రాళ్లు పాతడం సులువు.

అందుకే మన ప్రశ్న 'పాత కట్టడాన్ని కాపాడదామా, కూలుద్దామా' దగ్గర ఆగకూడదు. కాపాడితే సోహోలా కావచ్చు, కూలిస్తే వరంగల్‌లా కావచ్చు. రెండు చోట్లా పనిచేసిన వాళ్లకు ఆ ధరలో వాటా లేదు. పైగా మూతపడ్డ షెడ్లు కూల్చే పని కూడా మళ్లీ మనవాళ్లకే వస్తుంది. పాత గోదాముల కప్పు చాలాచోట్ల ఆస్బెస్టాస్ రేకు. దాన్ని పగలగొడితే లేచే నూగు దూది నూగు కంటే ప్రమాదం. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు.

వెతకాల్సిన కాగితాలు

మీ ఊళ్లో మూతపడ్డ జిన్నో మిల్లో ఉంటే మొదట సర్వే నంబరు పట్టండి. ఆ భూమి యజమాని కొన్నదా, ప్రభుత్వం పరిశ్రమ కోసం లీజుకిచ్చిందా, అసైన్డ్ భూమా? లీజు అయితే పరిశ్రమకు కాక ఇంకోదానికి వాడొచ్చా అన్నది ఆ లీజు షరతుల్లోనే ఉంటుంది. అసైన్డ్ అయితే 1977 చట్టం వర్తిస్తుంది. 2023 సవరణ తర్వాత ఇరవై ఏళ్లు దాటిన అసైనీలకు అమ్ముకునే వెసులుబాటు వచ్చింది కాబట్టి, ఎవరి పేరు మీద ఉందన్నది ఇప్పుడు ఇంకా ముఖ్యం. సమాచార హక్కు దరఖాస్తు రెవెన్యూ ఆఫీసుకు, మున్సిపాలిటీకి విడివిడిగా పెట్టాలి. ప్రభుత్వ సంస్థ మిల్లయితే ఆ సంస్థకు కూడా.

రెండోది కార్మికుల కాగితాలు. ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, పాత జీతం చీటీ, గేటు పాసు. 2025 దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సంస్థ మూతపడితే ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారం ఇవ్వాల్సి ఉండేది, వంద మంది లేదా అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ముందస్తు అనుమతి కావాల్సి ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ వందను మూడు వందలు చేసింది. మన జిన్నుల్లో మూడు వందల మంది మస్టర్ మీద ఉండేది ఎక్కడ?

మూడోది కాగితం లేనివాళ్ల మాట. విద్యార్థులు చేయగలిగిన పని ఇదే. మిల్లులో పనిచేసిన ముసలివాళ్లు మాల గేరిలో, మాదిగ గేరిలో, నేతపేటలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేయండి. ఏ ఖాతాలో ఎవరు పనిచేసేవారు, మేస్త్రీ ఎవరి కులం, ఆడవాళ్ల కూలి ఎంత, ప్రమాదంలో చెయ్యి పోయినవాళ్లకు ఏమిచ్చారు, చివరి జీతం ఏ నెలలో అందింది. మిల్లులో నీళ్ల కుండ ఎక్కడ ఉండేది, దాంట్లో ఎవరు ముంచేవారు, ఎవరికి పైనుంచి పోసేవారు అన్నది కూడా అడగండి.