గుమ్మం దగ్గరి నోటుబుక్కులు

యాప్రాల్‌లో మా వీధి చివర ఒక చిన్న క్లినిక్ ఉండేది. రెండు గదులు, ముందు రేకుల వరండా. 2023లో అది పక్క సందులోకి మారుతున్నప్పుడు, పాత కాగితాల బండికి వెయ్యబోతున్న కుప్పలో మూడు లాంగ్ నోటుబుక్కులు నా కంటబడ్డాయి. 2020 మే నుంచి 2021 ఆగస్టు దాకా ఆ గుమ్మం దాటిన ప్రతి మనిషి పేరు, ఫోను నంబరు, టెంపరేచరు. రాసింది డాక్టరుగారు కాదు, నర్సూ కాదు. వరండాలో స్టూలు మీద కూర్చుని ఒక చేత్తో థర్మామీటరు గన్ను, ఇంకో చేత్తో శానిటైజరు సీసా పట్టుకున్న ఆయమ్మ. తన పేరు రాయొద్దంది కాబట్టి అందరూ పిలిచినట్టే పిలుస్తున్నాను. అందులో రోగుల పేర్లున్నాయి, పారెయ్యకూడదని డాక్టరుగారికి చెప్పి, అక్కడే కూర్చుని చదివాను.

ఇరవై ఏళ్ళకు పైగా కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. మహమ్మారుల పాఠంలో ఓడలూ రైళ్ళూ సైనికులూ ఉంటారు, గుమ్మం దగ్గరి మనిషి ఉండదు. 1918 జూన్‌లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, తిండిగింజల ధరలు మండిపోయాయి, సెప్టెంబరు అక్టోబరుల్లో రెండో విడత జ్వరం ఊళ్ళను ఊడ్చేసింది. దేశం మొత్తం మీద 1.2 కోట్ల నుంచి 1.8 కోట్ల మంది చనిపోయారని అంచనాలు. అమెరికాలో మగవాళ్ళు ఎక్కువ పోతే, మన దగ్గర ఆడవాళ్ళు ఎక్కువ పోయారు. గాలి ఆడని గదుల్లో రోగుల పక్కన కూర్చున్నదీ, అందరూ తిన్నాక మిగిలింది తిన్నదీ వాళ్ళే కావడం ఇందుకు కారణాలుగా చరిత్రకారులు చెబుతారు. ఆ గదుల్లో ఎవరు ఎవరికి గంజి పట్టారో ఎక్కడా నమోదు కాలేదు. నా ముందున్న మూడు నోటుబుక్కులు అందుకే నాకంత విలువైనవిగా కనిపించాయి.

వాటిలో మొదట నన్ను ఆపింది జ్వరం అంకెలు కాదు, పేర్ల పక్కన అప్పుడప్పుడూ పెట్టిన చిన్న ‘గ’. అది గర్భిణి అనడానికి గుర్తు. వాళ్ళని ఎండలో నిలబెట్టకుండా ముందు లోపలికి పంపడానికి ఆయమ్మ తనకు తానే పెట్టుకున్న పద్ధతి. 2020 వేసవిలో ఈ ‘గ’లు హఠాత్తుగా పెరిగాయి. గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కే కేటాయించారు. అంతవరకూ బస్సెక్కి అక్కడికి పోయే ఆడవాళ్ళకి బస్సూ లేదు, ఆసుపత్రీ లేదు. కౌకూరు నుంచీ, జవహర్‌నగర్ నుంచీ నడిచి ఇక్కడికి వచ్చేవారు. ఇక్కడ స్కానింగ్ లేదు, కాన్పు చెయ్యరు. బీపీ చూసి, ఐరన్ మాత్రలిచ్చి పంపడమే. మహమ్మారి మృతుల పట్టికలో ఇలాంటి ఆరోగ్య నష్టం ఎక్కడా చేరదు.

ఇక జాగ్రత్తలు. ప్రతి రోగి లేచాక కుర్చీ, తలుపు గడియ, బల్ల ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌తో తుడవాలి. పసుపు సంచి వేరే కట్టాలి. ఆయమ్మ వేళ్ళ సందులు పగిలి నెత్తురు కారేవి. గ్లవ్స్ పెద్దవి, మగవాళ్ళ చేతుల కొలత, ఊడిపోయేవి. ఆ మందు ఘాటుకి దగ్గొస్తోందని ఆమె కిటికీ తెరిచి ఇటుక అడ్డం పెట్టేది. దోమలొస్తాయని డాక్టరుగారు మూయించేవారు. ఆయన వెనక్కి తిరగ్గానే మళ్ళీ ఇటుక. ఈ వైరస్ గాలిలో నిలిచి సోకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ఒప్పుకున్నది 2021లో. అంటే ఏడాది పాటు ఆ క్లినిక్‌లో జరిగిన అసలైన జాగ్రత్త, తిట్లు తింటూ తెరిచిన ఆ కిటికీయే కావచ్చు. కుర్చీల తుడుపు చేతులు పగలగొట్టినంతగా వైరస్‌ని ఆపలేదు.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. ఆయమ్మ అంతకుముందు పొద్దున్న పూట మా అపార్ట్‌మెంట్‌లో రెండిళ్ళు చేసేది. 2020 మార్చి చివర పనివాళ్ళను గేటు లోపలికి రానివ్వకూడదని మా కమిటీ తీర్మానం చేసింది. స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పేపర్లు చదివే నేను కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాను. రెండు నెలల జీతం ఇచ్చాం. మూడో నెల ఎవరమూ అడగలేదు, ఆమే అడగలేదు కదా అనుకున్నాం. క్లినిక్‌లో చేస్తోందని ఆమె ఇంటి ఓనరు గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆ మాట నాకు తెలిసింది మూడేళ్ళ తర్వాత, ఈ నోటుబుక్కులు చదువుతూ అడిగినప్పుడు.

2021 ఏప్రిల్‌లో నాకు జ్వరం వచ్చింది. వరండాలో నన్ను చూడగానే “ఏలు పెట్టు మేడమ్” అని ఆక్సీమీటరు తగిలించింది. 93. “జర బోర్ల పండుకో, లోపలికి చెప్పొస్తా” అంది. సంతకం సంగతి ఆమెకు తెలుసో లేదో నేను అడగలేదు.

ఆ ఏడాది మొదట్లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లోని 30 వార్డుల్లో సుమారు 9 వేల మంది రక్తం పరీక్షించాయి. 54 శాతం మందిలో యాంటీబాడీలున్నాయి. మగవాళ్ళలో 53, ఆడవాళ్ళలో 56. తేడా చిన్నది, దాని మీద సిద్ధాంతం కట్టను. కానీ యాంటీబాడీలున్నవాళ్ళలో నూటికి 75 మందికి తమకు సోకిన సంగతే తెలియదన్న మాట దగ్గర ఆగిపోయాను. తెలియకుండా జబ్బుపడి, తెలియకుండానే వంట చేసి పెట్టినవాళ్ళు వాళ్ళలో ఎందరో! మాకు ఉత్తరాన, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో కోవాక్సిన్ తయారై ప్రపంచానికి తెలిసింది. ఇల్లిల్లూ తిరిగి జ్వరం సర్వే చేసిన ఆశాలకు 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు వచ్చింది. వాళ్ళకి జీతం మాత్రం కాదు, పారితోషికమే. ఆయమ్మ ఆశా కూడా కాదు, ఏ లెక్కలోనూ లేదు.

రెండో నోటుబుక్కులో 2021 మే నెలలో పదిహేడు రోజులు చేతిరాత మారింది. ‘గ’లు లేవు. ఎవరు రాశారని అడిగితే నర్సు రాసిందట. మరి నువ్వెక్కడున్నావంటే “పండుకున్న” అంది. ఇంకేమీ చెప్పలేదు. సామాను బండి కదిలే ముందు మూడో పుస్తకం తెరిచి, వెనకాల రాయకుండా మిగిలిన కాగితాలు జాగ్రత్తగా చింపి మడత పెట్టుకుంది. మనవడు లెక్కలు చేసుకుంటాడట.