1080 అంకె మాయ

2007లో టీవీ కొనడానికి వెళితే షాపతను 1080 అన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. పక్కనే 720ది చవగ్గా ఉంది. ఇంజనీర్ని కదా, పెద్ద అంకెకే పడిపోయా!

నిజానికి ఈ రెండంకెల తగువు పాతది. 1995 నాటి అమెరికా డిజిటల్ టీవీ ప్రమాణంలో 1080ఐ, 720పి రెండూ ఉన్నాయి. 1080ఐ అంటే ఓసారి సరి గీతలు, ఇంకోసారి బేసి గీతలు, విడతకి 540 చొప్పున సెకనుకి 60 విడతలు. 720పి అయితే సెకనుకి 60 పూర్తి బొమ్మలు. పిక్సెళ్ళు లెక్కేస్తే సెకనుకి 6.2 కోట్లు, 5.5 కోట్లు. అంతే తేడా! ఈ సగం గీతల పద్ధతి వద్దని కంప్యూటర్ కంపెనీలు గొడవ చేస్తే, 1996లో ఎఫ్‌సీసీ ఫార్మాట్ల పట్టికని పక్కన పెట్టి మిగతాది ఆమోదించింది. ఆటలు చూపించే ఈఎస్‌పీఎన్ 720పినే ఎంచుకుంది. బంతి పరుగెత్తాలిగా మరి.

గేముల వాళ్ళదీ అదే దారి. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4 ఎక్స్‌బాక్స్ 360 మీద గీసింది 600 గీతలే, సెకనుకి 60 బొమ్మల కోసం. వాటిని కన్సోల్ సాగదీసి పంపితే, మా టీవీ పైన సొంత మెరుగులు దిద్దేది. ఆ మెరుగులకి పట్టే టైమే బటన్‌కీ బొమ్మకీ మధ్య ఆలస్యం. పాత ట్యూబు టీవీలో ఈ గోల దాదాపు లేదు. నేను ఓడిపోయి టీవీని తిడితే, ఆడలేక మద్దెల ఓడంది మా ఆవిడ. ఈసారి మద్దెలే ఓడు! మెనూల అడుగున గేమ్ మోడ్ దొరకడానికి ఆర్నెల్లు పట్టింది.

మొన్న మా తమ్ముడు టీవీ కొంటుంటే, గేమ్ మోడ్‌లో ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లో అడగమన్నాను. "ఇది 4కె సార్" అన్నాట్ట షాపతను.