రేకు రైలుబండి: తూకం, వెల, విలువ

ఎల్బీ నగరుకు రైలు మార్గం లేదు. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి, రింగు రోడ్డు కలిసే ఈ కూడలి పుట్టింది, పెరిగింది బస్సుల మీద, లారీల మీద. రైలు కూత వినాలంటే మలక్‌పేట దాకా పోవలసిందే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఇక్కడికి మెట్రో నడవడం మొదలయ్యాక గాని పట్టాల మీద నడిచే బండి ఈ వైపు రాలేదు. అయినా పాత బొమ్మ రైళ్ళను గురించి రాయడానికి ఈ ప్రాంతమే తగినదని నాకు తోస్తున్నది.

కారణం చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని వనస్థలిపురం దాకా ఉన్న కాలనీలలో ఎక్కువ మంది ఎక్కడెక్కడి నుండో వచ్చి స్థిరపడినవారే. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి ఉద్యోగాలకో, పిల్లల చదువులకో వచ్చి, నలభై యాభై ఏళ్ళ క్రితం ఇళ్ళు కట్టుకున్నవారు. ఇప్పుడా ఇళ్ళు ఒక్కొక్కటే కూలి, వాటి చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు కూల్చే ముందు అటక ఖాళీ చేస్తారు. తాతగారి ట్రంకు పెట్టెలో ఒక మూల పడి ఉన్న రేకు ఇంజను, రెండు బోగీలు, వంకర పోయిన నాలుగు పట్టాలు తక్కిన పాత సామానుతో కలిసి కబాడీవాని తక్కెడ ఎక్కుతాయి. ఆ తక్కెడ తూచేది ఇనుమును. అందులో తూగనిది ఏమిటన్నదే ఈ టపా విషయం.

మొట్టమొదట, ఇటువంటి బొమ్మలు మన ఇళ్ళకు ఎట్లా చేరి ఉంటాయో చూద్దాం. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు వచ్చింది. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండనులో ఏర్పడింది. 1889 నాటికి ఆ మార్గం బెజవాడను తాకింది. రైలుతో పాటు ఇంగ్లీషు ఇంజనీర్లు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు వచ్చారు. సికిందరాబాదు కంటోన్మెంటులో వారి అభిరుచులకు తగిన దుకాణాలు వెలిశాయి. కోస్తా ప్రాంతానికి మద్రాసు దారి ఉండనే ఉంది. సీమ సరుకు అమ్మే అంగళ్ళలో బొమ్మ రైలు కూడా ఒక సరుకు. అది కొనగలిగినవారు కొద్దిమంది. జమీందారులు, జాగీర్దారులు, పెద్ద ఉద్యోగులు కొన్నారు. వారు పోయాక, లేదా ఊరు విడిచాక, వేలంలోనో బహుమతిగానో అవి మధ్యతరగతి ఇళ్ళకు దిగి ఉంటాయి.

ఇక వాటిని చేసినవారి సంగతి. పందొమ్మిదో శతాబ్దిలో బొమ్మల రాజధాని జర్మనీలోని నూరెంబర్గ్ పట్టణం. అక్కడి బింగ్ సంస్థ ఒకప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద బొమ్మల కంపెనీలలో ఒకటి. 1930ల ఆరంభంలో మూతపడింది. గోపింగెన్ పట్టణపు మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు నిర్ణీత కొలతలు పెట్టి చూపింది. ఒక కంపెనీ బండి మరొక కంపెనీ పట్టాల మీద నడవడం ఆ కొలతల వల్లనే సాధ్యమైంది. ఇంగ్లండులో నార్తాంప్టన్‌కు చెందిన బాసెట్-లోక్ సంస్థ బింగ్ చేత ఇంగ్లీషు రైళ్ళ నమూనాలు చేయించి అమ్మింది. గ్వాలియరు మహారాజు భోజనపు బల్ల మీద అతిథులకు మద్యం, చుట్టలు మోసుకొని తిరిగే వెండి రైలు ఈ సంస్థ పనితనమే. లివర్‌పూల్‌లో మెకానో సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన పేరిట రైళ్ళు మొదలుపెట్టాడు. ఒకప్పటి బ్రిటిషు వలసలలో దొరికే పాత బొమ్మ రైళ్ళలో తరచు ఎదురయ్యే పేరు ఇతనిదే.

ఇప్పుడు గుర్తుపట్టే విధానం. దీనికి భూతద్దం, స్కేలు, కొంచెం ఓపిక చాలు.

ముందు పట్టాల మధ్య వెడల్పు కొలవండి. 32 మిల్లీమీటర్లుంటే అది ‘ఓ’ గేజి. 45 ఉంటే ‘ఒకటో నంబరు’ గేజి. ఇది సాధారణంగా ఇంకా పాతది, పెద్దది, అరుదైనది. 16.5 ఉంటే ‘డబుల్ ఓ’ లేదా ‘హెచ్‌ఓ’. హార్న్‌బీ వారు 1938లో తెచ్చిన ‘డబ్లో’ శ్రేణి ఈ చివరి కొలతది. అందులో మధ్యన మూడో పట్టా ఉంటే మొదటి తరహా. రెండే పట్టాలున్న తరహా 1959 నుండి వచ్చింది. ఇక్కడొక ముచ్చట. 32ను సుమారు 45తో హెచ్చిస్తే ఇంగ్లండు రైలు గేజి 1435 మిల్లీమీటర్లకు దగ్గరవుతుంది. మన బ్రాడ్ గేజి 1676. మలక్‌పేట మీదుగా 1990ల దాకా నడిచిన మీటరు గేజి 1000. అంటే మన పిల్లలు ఆడుకొన్న బండి మన రైలుకు నమూనా కానే కాదు. ఆ బొమ్మలు అనుకరించిన 1435 గేజి నిజమైన బండిగా ఎల్బీ నగరుకు వచ్చింది మెట్రోతోనే.

రెండవది, ఒంటి మీది అక్షరాలు. టెండరు మీదనో బోగీ మీదనో ఎల్.ఎం.ఎస్., ఎల్.ఎన్.ఇ.ఆర్. అని ఉంటే ఆ బొమ్మ 1923కు ముందుది కాజాలదు. ఎందుకంటే బ్రిటనులోని చిన్నా పెద్దా రైలు కంపెనీలను నాలుగుగా కలిపింది ఆ ఏడే. ‘బ్రిటిష్ రైల్వేస్’ అని ఉంటే 1948లో జరిగిన జాతీయీకరణకు తరువాతిది. బింగ్ బొమ్మలపై జి.బి.ఎన్. అన్న ముద్ర మొదటి ప్రపంచ యుద్ధం నాటి వరకు, బి.డబ్ల్యూ. అన్నది ఆ తరువాత. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే యుద్ధానంతరం అమెరికా ఏలుబడిలో, 1952 లోపల చేసినది. ‘యు.ఎస్. జోన్ జర్మనీ’ అని ఉంటే అదీ ఆ యుద్ధం ముగిసిన తరువాతి కొద్ది ఏళ్ళదే.

మూడవది, కట్టుబడి. హార్న్‌బీ తొలినాటి ఇంజన్లను మెకానో పద్ధతిలో నట్లు, బోల్టులతో బిగించారు. విప్పి మళ్ళీ కూర్చవచ్చు. తరువాతి వాటిలో రేకు నాలుకలను గాడిలో దూర్చి మడిచారు. రంగు చేత్తో పూసినదా, రేకు మీదనే అచ్చు వేసినదా అన్నది కూడా చూడాలి. అచ్చు వేసిన రంగు అంచుల దగ్గర నునుపుగా ఉంటుంది. దాని మీద కుంచె జాడలు కనిపిస్తే తరువాత ఎవరో పూసినట్టు.

ఈ చివరి మాటలోనే మోసానికి దారి ఉంది. సంతలలో పాత రేకు ఇంజను మీద కొత్తగా ‘ఎన్.ఎస్.ఆర్.’ అని రాసి, నిజాం గారి పిల్లలు ఆడుకొన్న బండి అని చెప్పి అమ్మజూపితే, నమ్మే ముందు రంగు కింది రంగు చూడాలి. మళ్ళీ రంగు వేసిన బండికి, ఎంత అందంగా వేసినా, సేకరించేవారి దృష్టిలో విలువ పడిపోతుంది. గీతలు పడి, అక్కడక్కడా వెలిసిన అసలు రంగే వారికి ముద్దు.

అక్షరాలు చూసి కాలం చెప్పే ఈ కిటుకు మన సొంత రైల్వేలకూ పనికివస్తుంది. జుమ్మెరాత్ బజారులో దీపమో తాళమో గంటో కనిపించి, దాని మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని ఉంటే అది 1930 లోపలిది. ఆ ఏడు ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతిలోకి తీసుకొన్నది. ఎన్.ఎస్.ఆర్. అంటే 1930 నుండి 1951 వరకు. సి.ఆర్. అంటే సెంట్రల్ రైల్వేలో కలిసిన తరువాత. ఎస్.సి.ఆర్. అంటే దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన 1966 అక్టోబరు 2 తరువాత. కోస్తా వైపు ఎం.ఎస్.ఎం. అంటే 1908, 1951 ల మధ్యది. అయితే ఒక హెచ్చరిక. రైల్వే సొత్తును అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. కనుక వేలంలో అమ్మిన వస్తువే అనడానికి కాగితం లేనిదే కొనకపోవడం మేలు. బొమ్మకు ఆ చిక్కు లేదు.

ట్రాముల మాట కూడా చెప్పాలి. హైదరాబాదులో ట్రాము ఏనాడూ నడవలేదు. తెలుగువారికి ట్రాము అంటే మద్రాసే. అక్కడ 1895లో మొదలైన విద్యుత్ ట్రాములు 1953లో ఆగిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనం మద్రాసును విడిచిన ఏడూ అదే. బొంబాయి ట్రాము 1964లో ఆగింది. కలకత్తా ఒక్కటే ఇరవై ఒకటో శతాబ్దిలోకి ట్రామును తెచ్చింది. కాబట్టి మన అటక మీద ట్రాము బొమ్మ దొరికితే అది ఏ ఊరి జ్ఞాపకమో ముందు అడగాలి. డింకీ వారి చిన్న ట్రాము 1930ల నడిమిది. లెస్నీ వారు ‘యెస్టర్‌ఇయర్’ వరుసలో 1956లో తెచ్చిన లండను ట్రాము ఎక్కువగా దొరికేది. డింకీ పాత అచ్చులు 1960ల చివర కలకత్తా చేరి ‘నిక్కీ టాయ్స్’ పేరిట కార్లుగా బయటికొచ్చాయి. వాటి అడుగున పాత పేరు చెరిపిన గుర్తు కనిపిస్తుంది. అటువంటివి నకిలీలు కావు; మన దేశపు చరిత్రకు సంబంధించిన వేరొక పుట.

పోత పోసిన బొమ్మలకు ఒక జబ్బు ఉంది. యశదం ప్రధానంగా ఉండే ఆ మిశ్రలోహంలో సీసం వంటి మలినం కలిస్తే, ఏళ్ళు గడిచే కొద్దీ లోహం ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. దానికి చికిత్స లేదు. యుద్ధానికి ముందటి చక్రాలు, చట్రాలు కొనేటప్పుడు సన్నని బీటలున్నాయేమో చూడాలి. రేకు బొమ్మలకు తుప్పు శత్రువు. అంతకన్న పెద్ద శత్రువు మన శుభ్రత. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండుతో, ముగ్గుపిండితో తోమితే అచ్చు వేసిన రంగు ఒక్క పూటలో పోతుంది. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిచి ఊరుకోవాలి. ఆవిరితో నడిచే ఇత్తడి ఇంజనైతే దానిలో స్పిరిటు పోసి వెలిగించే ప్రయత్నం వద్దు. నూరేళ్ళ బాయిలరు ప్రమాదకరం.

ఇక వెల. తూకం వేసి ఇచ్చేది లోహపు ధర. వెల నిర్ణయించేవి ముఖ్యంగా నాలుగు: చేసిన సంస్థ, అరుదైన రకమా కాదా అన్నది, ఉన్న స్థితి, అసలు అట్టపెట్టె. మనవాళ్ళు మొదట పారేసేది ఆ అట్టపెట్టెనే. సేకరించేవారు మొదట అడిగేదీ దానినే. తాళంచెవి, పట్టాలు, వాడకం తెలిపే కాగితం ఉంటే మరీ మంచిది. పాతది కనుక ఖరీదైనదన్న నమ్మకం మాత్రం తప్పు. లెక్కకు మించి తయారైన మామూలు కీ ఇంజనుకు నూరేళ్ళు నిండినా పెద్ద ధర రాదు. పైగా వాటితో బాల్యంలో ఆడుకొన్న తరం తరిగిపోతున్న కొద్దీ మామూలు రకాలకు గిరాకీ తగ్గింది. అమ్మేవాడు అడిగే ధర వెల కాదు. వేలంలో సుత్తి పడినప్పటి ధరే వెల.

నూరేళ్ళ మాట వచ్చింది కనుక మరొక చట్టం. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం నూరేళ్ళు దాటిన, చారిత్రక ప్రాధాన్యం ఉన్న వస్తువులను విదేశాలకు పంపనివ్వదు. 1920 నాటి బొమ్మలు ఇప్పుడు ఆ గీత దాటుతున్నాయి. మన బొమ్మ ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో తేల్చవలసింది పురావస్తు శాఖ. పరదేశపు గిరాకీదారుకు పంపే ముందు వారిని అడగడం అవసరం.

వెల ఇట్లా తేలుతుంది. విలువ వేరు. సాలార్ జంగ్ మ్యూజియంలోని బాలల విభాగంలో బొమ్మలు అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయంటే, వాటిని సేకరించినవాడు మూడో సాలార్ జంగ్ కావడమే కారణం. దిల్‌సుఖ్‌నగర్ మాస్టరుగారి అటకకు మ్యూజియం లేదు. ఏటికొప్పాక లక్క రైలు సంగతి చూడండి. అంకుడు కర్రను చిత్రిక పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క రంగు అద్ది చేసే ఆ బండి మీద కంపెనీ ముద్ర లేదు, నంబరు లేదు, పెట్టె లేదు. పైన చెప్పిన నాలుగు కొలతల్లో దేనికీ అది అందదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాని, ఏ బండి ఏ చేతిలో తయారైందో చెప్పే రాత మాత్రం లేదు. పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు, లివర్‌పూల్ రేకుకు ఉన్న వంశవృక్షం మన కర్రకు లేకపోయింది. లోపం కర్రలో లేదు, మనం రాసి పెట్టకపోవడంలో ఉంది.

కాబట్టి బ్లాగ్మిత్రులకు నా మనవి ఇది. ఇంట్లో పాత బొమ్మ రైలు ఉంటే అమ్మండి, ఉంచుకోండి, మీ ఇష్టం. ఆ ముందు దాని నాలుగు వైపులా, అడుగున ఫొటోలు తీయండి. పట్టాల వెడల్పు కొలిచి, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ఎవరు కొన్నారు, ఏ ఊరిలో, ఏ సందర్భాన, ఎవరెవరు ఆడుకొన్నారు అన్నది ఇంటి పెద్దలు ఉండగానే అడిగి తెలుసుకోండి. కొత్తగా కర్ర బండి కొంటే చేసినవారి పేరు, ఊరు, తేదీ అడిగి, వారు ఒప్పుకుంటే అడుగున రాయించుకోండి. బొమ్మ చేతులు మారినా ఆ కాగితం వెంట వెళ్ళాలి. అది వెంట లేనినాడు ఆ బొమ్మ గురించి చెప్పగలిగేది కబాడీవాని తక్కెడ ఒక్కటే.