హద్దులేని పందెము

పల్నాటి కోడిపందెమునకు ముందే నాయకురాలు నాగమ్మయు బ్రహ్మనాయఁడును పణము చెప్పుకొనిరని వీరగాథ: ఓడినవారు 7 ఏండ్లు రాజ్యము విడువవలెను.

అకిరా తొరియామా 1984లో నారంభించిన "డ్రాగన్ బాల్" వంటి జపాను చిత్రకథల వీరులు నేఁడు సెల్‌ఫోనులలోఁ బోరుచున్నారు. ప్రవేశమునకు రుసుము లేదు; బొమ్మలు సజీవములు; మా వినుకొండ బాలుఁడు దూరదేశపు బాలునితోఁ దలపడఁగలఁడు. ఇది మెచ్చఁదగినదే.

కాని మేటివీరునికై పలుమాఱు రొక్కమిచ్చి చీటి తీయవలసివచ్చును. పిడి త్రిప్పఁగా బొమ్మను రాల్చు యంత్రపుఁ జప్పుడునుబట్టి దీనికి "గాచా" యని పేరు. అట్టి చీటీల సమితిని పూర్తిచేసినవారికే గొప్ప బహుమానమిచ్చు పద్ధతిని 2012లో జపాను ప్రభుత్వము చట్టవిరుద్ధమనెను, తక్కినవి నిలిచినవి.

మొన్న మనుమఁడు "తాతయ్యా, ఇంకొక్క నూఱు రూపాయలు!" అనెను. ఇచ్చితిని. వీరుఁడు రాలేదు, మరల చేయి చాఁచెను. నాగమ్మ పందెమునకు హద్దుండెను. ఈ యుచితపుఁ బందెమునకు హద్దు మనమే గీయవలెను.