మిత్రలాభము బడికి వచ్చిన కథ

1853వ సంవత్సరమున చెన్నపట్టణమందు పరవస్తు చిన్నయసూరి రచించి ప్రకటించిన ‘నీతిచంద్రిక’ యను గద్యగ్రంథము తెలుగు విద్యార్థుల చేతులకు వచ్చినది మొదలుకొని పెక్కు తరములవఱకు, మిత్రుడనగా నెవ్వడు, అతనిని సంపాదించుకొనుట యెట్లు, సంపాదించుకొన్నవానిని పోగొట్టుకొనుట యెట్లు అను విషయములను మీసకట్టు రాని బాలురకు నేర్పిన పుస్తకము ఆంధ్రదేశమున ప్రధానముగా నిదియే. ఐనను ఆ నేర్పుట జరుగుచున్నదని నేర్పువారికి గాని నేర్చువారికి గాని అంతగా తెలిసినట్లు కనబడదు. పండితులు సంధులు విడదీయించిరి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పించిరి, కఠినపదములకు అర్థములు వల్లె వేయించిరి. పరీక్షాధికారులు వానినే ప్రశ్నలుగా నడిగిరి. స్నేహమును గూర్చి ఎవరును ప్రశ్నింపలేదు.

ఈ కథలు పుట్టినప్పుడును పసిపిల్లల వినోదమునకై పుట్టినవి కావు. పంచతంత్రమునందలి ఉపోద్ఘాతమును బట్టి చూచినచో, దక్షిణదేశమున మహిలారోప్యమను నగరమునేలు అమరశక్తి యను రాజునకు బహుశక్తి, ఉగ్రశక్తి, అనంతశక్తి యను మువ్వురు కుమారులుండిరి. పేర్లలోనున్న శక్తి బుద్ధిలో లేకపోవుటయే తండ్రి దుఃఖము. ఎనుబదియేండ్ల విష్ణుశర్మ పిలువబడి వచ్చి, నూఱు అగ్రహారములిచ్చినను విద్యను విక్రయింపనని చెప్పి, ఆఱు మాసములలో వారిని నీతికోవిదులను జేసెదనని ప్రతిజ్ఞ చేసెను. రాజ్యభారము రేపో మాపో మీదబడనున్న యువకులకు ఆ వృద్ధుడెన్నుకొన్న తొలిపాఠములు పన్నులను గూర్చినవి గాని, సైన్యమును గూర్చినవి గాని కావు. మొదటి తంత్రము మిత్రభేదము, రెండవది మిత్రసంప్రాప్తి. రాజునకైనను ముందుగా తెలియవలసినది ఎవని ప్రక్కను కూర్చుండవచ్చును, ఎవని మాట చెవిని పెట్టరాదు అనునదియే యని అతని భావము కాబోలును.

తరువాత ధవళచంద్రుడను ప్రభువు ప్రాపున నారాయణపండితుడు ఈ కథలనే మఱల కూర్చి ‘హితోపదేశము’ను రచించినప్పుడు క్రమము మార్చెను. మహిలారోప్యము పోయి పాటలీపుత్రము వచ్చెను. అమరశక్తి స్థానమున సుదర్శనుడు కూర్చుండెను. ఐదు తంత్రములు నాలుగు భాగములయ్యెను. అన్నిటికంటె ముఖ్యముగా, చెలిమి చెడుట యనునది వెనుకకు జరిగి, చెలిమి కుదురుట ముందునకు వచ్చెను. మఱియొక చిన్నమార్పు తెలుగువారికి ప్రీతి గొల్పునది. పంచతంత్రమున కాకియు పావురములును కానవచ్చు చెట్టు మహిలారోప్యము చెంతనున్న మఱ్ఱి కాగా, హితోపదేశమున అది గోదావరీతీరమందలి బూరుగుచెట్టయినది. గంగ యొడ్డున చెప్పబడిన కథ గోదావరి యొడ్డుననే మొదలగుటచేత, రాజమహేంద్రవరమున చదువుకొన్న పిల్లవానికి లఘుపతనకుడను కాకి పరదేశి కాలేదు.

తెలుగున ఈ కథలు సూరికి చాల ముందే పద్యరూపమున వెలసినవి. దూబగుంట నారాయణకవియు, పిమ్మట బైచరాజు వేంకటనాథకవియు పంచతంత్రమును కావ్యములుగా సంతరించిరి. కాని అవి ఆస్థానములందు విని ఆనందించువారి కొఱకేగాని బడిబల్లల కొఱకు పుట్టినవి కావు. బడికి దారి తీసినది, చెప్పుటకు కొంత చిత్రముగా నున్నను, పరదేశీయుల అవసరమే. 1812లో చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోట కళాశాల యేర్పడి, సీమనుండి క్రొత్తగా దిగిన కుంపిణీ యువోద్యోగులకు దేశభాషలు నేర్పవలసివచ్చినప్పుడు, చదివించుటకు వచనపుస్తకములు కావలసివచ్చెను. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను, పంచతంత్రకథలను వచనమున వ్రాసిన కాలమది. హితోపదేశమును చార్లెస్ విల్కిన్సు 1787లోనే ఆంగ్లీకరించియుండుటచేత, దొరలకు ఈ కథలు అప్పటికే పరిచితములు. కావున మన మిత్రలాభము మన పిల్లలకంటె ముందుగా, ఇల్లువాకిలి విడిచి సముద్రములు దాటి వచ్చి, పలుకరించు నేస్తము లేక పండితుని యెదుట కూర్చుండిన ఆంగ్లేయ నవయువకులకు పాఠమయ్యెను. వారిలో ఎందఱు ఆ కథల లోపలి సంగతి గ్రహించిరో గాని, వారి పరీక్షలు మాత్రము జరిగినవి.

చిన్నయసూరి ఈ వాతావరణమునుండి వచ్చినవాడే. పచ్చయప్ప పాఠశాలలో తెలుగు చెప్పి, పిమ్మట రాజధాని కళాశాలలో ఆంధ్రపండితుడై, చదువు చెప్పుటయే వృత్తిగా జీవించిన యీతడు, నారాయణపండితుని క్రమమును గ్రహించి మిత్రలాభమును ముందును మిత్రభేదమును వెనుకను నిలిపెను. మూలమున అడుగడుగున అడ్డువచ్చు శ్లోకములను వచనమున కరగించెను. సూరి శైలి యనగానే కొఱుకబడని దీర్ఘసమాసములే తలపునకు వచ్చుట నేడు వాడుకయైనది గాని, అది పుస్తకము తెఱవనివారి యభిప్రాయము. నీతి చెప్పవలసినచోట ఆయన వాక్యములు మిక్కిలి పొట్టివి. ఒక్క చూపున చదివి, ఒక్క యూపిరిలో అప్పగింపదగినవి. వాని మూలముననే మిత్రలాభము తొలిపుటలను కంఠస్థముగా చెప్పగల వృద్ధులు మొన్నమొన్నటివఱకు ఊరూర నుండిరి.

ఇక ఆ పుటలలో బాలుడు చదివినదేమి? వలలో చిక్కిన పావురములు తమలో తాము నిందించుకొనుచుండగా రాజగు చిత్రగ్రీవుడు అందఱు నొక్కుమ్మడిగా వలతో నెగురుడని చెప్పుట మనకందఱకు తెలిసిన ఘట్టమే. ఐకమత్యమునకు దృష్టాంతముగా ప్రతి సభలోను వినబడి అఱిగిపోయినదది. దానికంటె వెనుక జరుగు చిన్నసంగతి విలువైనది. హిరణ్యకుడను ఎలుక పరుగెత్తుకొనివచ్చి ప్రాణమిత్రుని బంధము మొదట కొఱుకబోగా, చిత్రగ్రీవుడు వారించి, తన్ను నమ్మి వచ్చినవారి కట్లు ముందు త్రెంపుమని కోరును. ఇదియంతయు చూచిన కాకికి ఎలుకతో స్నేహము చేయవలెనని కోరిక కలుగును. ఎలుక వెంటనే ఒప్పుకొన్నచో కథ మంచిదే కాని పాఠము కాదు. ‘నీవు తినువాడవు, నేను తినబడుదానను, మన యిరువురకు నెయ్యమేమి’ యను భావముతో అది కలుగు విడిచి బయటికి రాదు. కాకి ఎంతో బ్రతిమాలి, నీవు కాదన్నచో నీ వాకిటనే నిరాహారముగా ప్రాణము విడిచెదనని మొండిపట్టు పట్టును. పంచతంత్రమున ఎలుక అప్పటికిని పూర్తిగా లొంగక, మాటలాడుకొందము గాని నా కోటలో అడుగుపెట్టరాదని నియమము చేయును. పిమ్మట దినములు గడచును. కాకి మాంసపుతునుకలు తెచ్చును, ఎలుక బియ్యపుగింజలు దాచియుంచును. ఇచ్చిపుచ్చుకొనుటలో భయము తనంతట తానే పలుచబడును.

పదునాలుగేండ్ల వయస్సున స్నేహము వఱద వలె వచ్చును. ఉదయము పరిచయమైనవాడు సాయంకాలమునకు ప్రాణసముడగును. ఇంటి రహస్యములన్నియు వానియొద్ద కుప్పబోయబడును. ఆ వయస్సువానికి, చెలిమిని నిరాకరింపవచ్చుననియు, ఆలస్యము చేయవచ్చుననియు, సందేహించుట నేరము కాదనియు చెప్పిన కథ మన వాఙ్మయమున నాకు తెలిసినంతలో ఇదొక్కటే. కుచేలోపాఖ్యానము ఇంతకంటె మనోహరము. సాందీపని గురుకులమున వంటచెఱకు తెచ్చుటకై పోయి గాలివానలో చిక్కిన సహాధ్యాయుల స్మృతి ఎవరి కన్నైనను చెమర్చును. కాని శ్రీకృష్ణునివంటి నేస్తము ఎల్లరకు దొరకడు. ద్రుపదుడు బాల్యసఖుడగు ద్రోణుని కాదని పంపిన భారతకథ యథార్థమునకు దగ్గఱయైనను, దాని ఫలము తరతరముల వైరము. ఎలుకయు కాకియు ఆ రెంటికి నడుమనున్న నిత్యజీవితమునకు చెందినవి.

రెండవవైపును కథకుడు మఱవలేదు. ఎలుక తన శంకను సమర్థించుకొనుటకు చెప్పు ఉపకథలో లేడి, కాకి, నక్క కలవు. క్రొత్తగా వచ్చిన నక్కను నమ్మవలదని కాకి చెప్పగా, నీవును లేడికి ఒకనాడు క్రొత్తవాడవే కదా యని నక్క యనుట న్యాయముగానే యుండును. ఆ మాటకు తర్కముతో బదులు లేదు. అనుభవమే బదులు చెప్పవలెను, చెప్పును. లేడి వలలో పడినప్పుడు, ఈ త్రాళ్లు నరములతో చేసినవి, నేడు ఆదివారము, వ్రతభంగమగును, రేపు చూతమని నక్క ఆచారము నటించి ప్రక్కకు తొలగును. ఆపదవేళ నియమనిష్ఠలు గుర్తునకు వచ్చువారిని జీవితమున చూడనివారెవరు? ఈ ఆదివారపు నక్కను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వక మానరు. నవ్వినవారు మఱి మఱచిపోరు.

మిత్రభేదము వచ్చుసరికి నవ్వు తగ్గును. అడవిలో విడువబడిన సంజీవకుడను ఎద్దు ఱంకెకు పింగళకుడను సింహము బెదరుటయు, దమనకుడను నక్క నడుమ నిలిచి వారికి స్నేహము కుదుర్చుటయు, ఆ స్నేహము తనకు నిలువనీడ లేకుండ చేయుచున్నదని గ్రహించి తానే దానిని చెఱుప బూనుటయు కథావస్తువు. దమనకుని నేర్పు అబద్ధములాడుటలో లేదు. అబద్ధము ఎవడైనను ఆడగలడు. అతడు సింహముతో ఎద్దు నీ రాజ్యమును కోరుచున్నదని చెప్పి, ఎద్దుతో సింహము నిన్ను చంపదలచినదని చెప్పి, ఎదుటివాని ముఖమున ఏ చిహ్నములు కనబడినచో ఆ మాట నిజమో కూడ ఇరువురకు ముందే బోధించును. పిమ్మట వారు కలిసికొన్నప్పుడు ఒకరి భయము మఱియొకరి కంటికి క్రౌర్యముగా తోచును. ఒక్కమాట నేరుగా అడిగియున్నచో ఎద్దు బ్రదికెడిది. అడుగలేదు. యుక్తవయస్సున తెగిన చెలిములను లెక్కించి చూచినచో, కలహముచేత తెగినవానికంటె ఈ అడుగని మాటచేత తెగినవే మెండుగా నుండును.

ఎద్దు చచ్చును, సింహము విలపించును, దమనకుడు మంత్రియై సుఖముగా నుండును. ఈ ముగింపు అందఱకు మింగుడుపడలేదు. ఆఱవ శతాబ్దమున పారసీకరాజు ఖుస్రూ అనూషిర్వానుని కాలమున బుర్జోయ యను వైద్యుడు ఈ గ్రంథమును పహ్లవీభాషలోనికి కొనిపోగా, ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నల్ ముకఫా దానిని అరబ్బీలో వ్రాసెను. మన దమనకుడును, అతని తోడి నక్కయగు కరటకుడును అక్కడ ‘కలీలా వ దిమ్నా’ యని గ్రంథనామమైరి. ఆ అరబ్బీ గ్రంథమున దమనకుని న్యాయస్థానమునకీడ్చి, విచారించి, దండించు అధ్యాయమొకటి అధికముగా చేర్చబడినది. లోకమున ధర్మము నిలువవలెనను ఆ తపన గౌరవింపదగినదే యైనను, నా మట్టుకు విష్ణుశర్మ మౌనమే మేలనిపించును. చాడీకోరునకు శిక్ష పడునని నేర్పినచో బాలుడు ఆ శిక్షకొఱకు ఎదురుచూచుచు కూర్చుండును. పడదని తెలిసినచో తన చెవులను తానే కాపాడుకొనును.

సూరి మిగిలిన విగ్రహము (కలహము), సంధి (పొత్తు) అను భాగములను వ్రాయకయే పరమపదించెను. విగ్రహమును పూరించుటకు కొక్కొండ వేంకటరత్నము పంతులు, కందుకూరి వీరేశలింగము పంతులు వేఱువేఱుగా పూనుకొనిరి. సంధియు వీరేశలింగముగారే వ్రాసిరి. ఒకరు ‘ఆంధ్రభాషాసంజీవని’కి, ఒకరు ‘వివేకవర్ధని’కి అధిపతులై పత్రికాముఖమున పరస్పరము చేసికొన్న విమర్శలను చదివినవారికి, ఇరువురును విగ్రహమునే యెన్నుకొనుట తగినదిగానే తోచును.

ఇరువదవ శతాబ్దారంభమున గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికభాషపై ఎత్తిన వాదమున నీతిచంద్రిక నడివీథికి వచ్చెను. 1911లో చెన్నపట్టణమున జయంతి రామయ్య పంతులు మొదలగువారు స్థాపించిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పక్షమువారికి అది ఆదర్శగద్యము. వ్యావహారికవాదులకు అది బాలుర నాలుకకు వేసిన సంకెల. ఇరుపక్షముల వాదములను విన్నంతలో, నేను గిడుగువారితో చాలవఱకు ఏకీభవింతును. ఇంటిలో పలుకని భాషలో పరీక్ష వ్రాయుమనుట పసివారిపట్ల అన్యాయమే. ఇట్టి మాట గ్రాంథికముననే వ్రాయుచున్నందుకు పాఠకులు నవ్వుకొందురుగాక. కాని ఆ వివాదపు కోలాహలమున జరిగిన నష్టమొకటి కలదు. పుస్తకమును నిలుపువారు భాషకొఱకు నిలిపిరి, తొలగించువారు భాషకొఱకు తొలగించిరి. అందులో ఏమి చెప్పబడినదో చూచినవారు అరుదు. పిమ్మట కథలు సులభభాషలో, రంగుల బొమ్మలతో పసివారికి చేరినవి. అది మేలే, కాని ఆఱేండ్ల బిడ్డకు అది జంతువుల కథ మాత్రమే. పదునైదేండ్లవానికి ఆ పుస్తకము ‘చిన్నపిల్లలది’ యైపోయి, సరిగా అవసరమైన యేటికి చేతిలో లేకుండబోయినది.

మరల దానిని ఉన్నతపాఠశాలకు కొనిరావలెననువారికి నాదొక మనవి. భాషను ఎంత సడలించినను సడలింపుడు; కాని మిత్రలాభముతో ఆపవలదు, మిత్రభేదమును కూడ తప్పక చదివింపుడు, దమనకుని శిక్షింపవలదు. పాఠము ముగిసిన దినమున సంధులను, సమాసములను కొంతసేపు ప్రక్కనుంచి, కాకిని ఎలుక ఏల నమ్మెను, ఎద్దు సింహమును ఏల అడుగదయ్యెను అను రెండు ప్రశ్నలు పిల్లల ముందుంచి, వారు వాదించుకొనునంతసేపు ఉపాధ్యాయులు మాటలాడకుండ కూర్చుందురుగాక.