లూర్దు పిల్లను నమ్మడానికి నాలుగేళ్లు

1858 ఫిబ్రవరి 21, ఆదివారం సాయంత్రం. ఫ్రాన్స్ దేశానికి దక్షిణాన, పిరనీస్ కొండల కింద ఉన్న లూర్దు అనే చిన్న ఊరు. గుడి నుంచి బయటికొస్తున్న ఓ పద్నాలుగేళ్ల పిల్లను పోలీసు కమిషనర్ జకొమే పిలిపించి ఎదురుగా కూచోబెట్టుకున్నాడు. ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. తిరిగి చదివి వినిపించేటప్పుడు కావాలనే కొన్ని మాటలు మార్చాడు. పేదింటి పిల్ల, చదువు లేదు, ఎక్కడో ఒకచోట తడబడకపోతుందా అని ఆయన ఎత్తు. ఆమె తడబడలేదు. నేనలా అనలేదు, మీరన్నీ మార్చేశారని ముఖం మీదే చెప్పింది. గుహ దగ్గరికి ఇక వెళ్లనని మాటివ్వమంటే, పదిహేను రోజులు వస్తానని అక్కడ మాటిచ్చానంది. బయట జనం గుమిగూడారు. చివరికి తండ్రి వచ్చి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ పిల్ల బెర్నాడెట్ సుబిరూ. లూర్దు మాత పేరు చెప్పగానే మనకు తెల్లని అంగీ, నీలం నడికట్టు, చేతిలో జపమాల ఉన్న విగ్రహం కళ్ల ముందు నిలుస్తుంది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది జకొమే రాసుకున్న ఆ కాగితాలే. గుహ దగ్గర ఆమె చూశానన్న దర్శనాలకు దొరికే తొలి లిఖిత ఆధారాల్లో అవి ఉన్నాయి. వాటిని రాసినవాడు భక్తుడు కాదు, ఆమెను అబద్ధాలకోరుగా పట్టుకోవాలనుకున్న పోలీసు.

బెర్నాడెట్ తండ్రి ఫ్రాన్స్వా ఒకప్పుడు పిండిమర నడిపినవాడు. మర చేజారింది. కుటుంబం పాత జైలుగదిలోకి మారింది. ఖైదీలకే పనికిరాదని వదిలేసిన ఆ ఒక్క గదిలో ఆరుగురు. పిండి దొంగిలించాడన్న అనుమానంతో 1857లో ఆయన్ను కొన్నాళ్లు జైల్లో పెట్టారు కూడా. పిల్లకు ఉబ్బసం. చదవడం, రాయడం రాదు. జ్ఞానోపదేశం పూర్తికాక తొలి సత్ప్రసాదమైనా తీసుకోలేదు. ఫిబ్రవరి 11న చెల్లెలితో, మరో స్నేహితురాలితో కట్టెపుల్లలు ఏరడానికి గావ్ నది ఒడ్డున మస్సాబియెల్ గుహ వైపు వెళ్లింది. కాలవ దాటడానికి మేజోళ్లు విప్పుతుంటే గాలి చప్పుడైంది. తలెత్తి చూస్తే గుహ పైన గూటిలో తెల్లని బట్టల్లో ఒక చిన్నది, పాదాల మీద పసుపు గులాబీలు. మరియమాతను చూశానని బెర్నాడెట్ అనలేదు. చాలా రోజులు తన యాసలో ‘అది’ అనే చెప్పుకుంది. మరియమాత అన్న పేరు పెట్టింది ఊరివాళ్లు.

జూలై 16 వరకూ మొత్తం 18 సార్లు చూశానని చెప్పింది. అందులో ఫిబ్రవరి 25 నాటి సంగతి తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. జనమంతా చూస్తుండగా ఆమె మోకాళ్ల మీద పాకుతూ గుహ లోపలికి వెళ్లి నేల గోకింది. ఊరిన బురదనీళ్లను మూడుసార్లు ఉమ్మేసి నాలుగోసారి మింగింది. అక్కడి గడ్డి నమిలింది. ముఖమంతా బురద. అంతదాకా నమ్మినవాళ్లే పిచ్చి పట్టిందన్నారు. ఇప్పుడు లక్షలమంది సీసాల్లో పట్టుకెళ్లే నీరు ఆ బురదలోంచే తేటపడింది. గడ్డి తినమనడం దేవమాతకు తగిన పనేనా అని తర్వాత అడిగినవాళ్లకు, మనం పచ్చి ఆకుకూర తినమా అన్నట్టుగా జవాబిచ్చింది.

ఊరి గురువు ఫాదర్ పేరమాల్ మొదట్లో ఆమెను దగ్గరికి రానివ్వలేదు. ఇక్కడ గుడి కట్టించమని, ఊరేగింపుగా రమ్మని గురువులకు చెప్పమందని మార్చి 2న ఆమె కబురు తెస్తే మండిపడ్డాడు. పేరు అడుగు, గూటి కింద ఉన్న అడవి గులాబీని ఈ చలికాలంలో పూయించమను అన్నాడు. గులాబీ పూయలేదు. పేరు మాత్రం మార్చి 25న వచ్చింది. మరిచిపోతానేమోనని దారి పొడవునా వల్లించుకుంటూ పరుగున వచ్చి ఆయనకు అప్పజెప్పింది: నేను అమలోద్భవాన్ని. మరియమ్మ జన్మపాపం అంటకుండా ఉద్భవించిందని పోప్ తొమ్మిదో పయస్ విశ్వాస సత్యంగా ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ మాట అర్థం ఆ పిల్లకు తెలియదు. పేరమాల్ కదిలిపోయాడు.

గుళ్లో ప్రసంగంలో ఎప్పుడో ఆ మాట చెవిన పడి ఉండొచ్చన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. కాథలిక్ శ్రీసభ తన నిర్ణయాన్ని ఆ ఒక్క మాట మీద నిలబెట్టలేదన్న సంగతి చాలామంది గమనించరు.

ప్రభుత్వం జూన్‌లో గుహ చుట్టూ కంచె కట్టింది. జనం పీకేశారు, మళ్లీ కట్టారు. అక్టోబరులో మూడో నెపోలియన్ చక్రవర్తి ఆజ్ఞతో అది పూర్తిగా పోయింది. ఈలోగా ఊరి మేయర్ లకాదే ఈ నీళ్లలో ఖనిజాలుంటే ఆరోగ్యస్నానాల కేంద్రం పెట్టొచ్చని ఆశపడ్డాడు. తులూజ్ నుంచి ప్రొఫెసర్ ఫిలోల్ పరీక్షించి, మామూలు నీళ్లే, మందుగుణం ఏదీ లేదని ఆగస్టులో నివేదిక ఇచ్చాడు. మేయర్‌కు నిరాశ మిగిలింది. నయమైతే అది నీటిలోని ఖనిజం వల్ల కాదని చెప్పడానికి శ్రీసభకు ఒక శాస్త్రవేత్త సంతకం దొరికింది.

ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. ఆ వేసవిలో మాకూ కనిపించిందంటూ పిల్లలు, ఆడవాళ్లు పదుల సంఖ్యలో బయల్దేరారు. కొందరు గుహలో ఊగిపోయారు, అరిచారు, వికారపు చేష్టలు చేశారు. వాళ్లెవరినీ శ్రీసభ గుర్తించలేదు. బెర్నాడెట్ ఆ గొడవలకు దూరంగా ఉండిపోయింది. నిజానికి ఆమె పక్షాన బలమైన సాక్ష్యం అదేనని నాకనిపిస్తుంది. ఒకే గుహ, ఒకే ఊరు, ఒకే వేడి. అంతమందిలో ఒక్కర్తే నిలకడగా ఉంది.

తార్బ్ బిషప్ బెర్త్రాన్-సెవేర్ లోరాన్స్ జూలై 28న విచారణ సంఘం వేశాడు. దాని ముందున్న ప్రశ్నలు మూడు. ఈ పిల్ల నిజాయితీపరురాలేనా, మతి స్థిమితంగా ఉందా? ఆ చోటికి వచ్చినవాళ్ల బతుకుల్లో మంచి జరిగిందా? నయమయ్యాయంటున్న జబ్బులకు వైద్యం చెప్పగల కారణం ఉందా? సంఘం సభ్యులు గుహకు వెళ్లారు, నయమైనవాళ్ల ఇళ్లకు వెళ్లారు, డాక్టర్ల అభిప్రాయం తీసుకున్నారు. 1860 డిసెంబరు 7న బెర్నాడెట్ బిషప్ ఎదుట నిలబడింది. ఆ స్త్రీ చేతులు జోడించిన తీరు చేసి చూపిస్తుంటే ముసలి బిషప్ కళ్లు చెమర్చాయంటారు. అయినా ఆయన తొందరపడలేదు, మరో ఏడాది పైనే ఆగాడు. తీర్పు 1862 జనవరి 18న వెలువడింది. దేవమాత నిజంగానే కనిపించిందని, ఏడు స్వస్థతలు దేవుని పనేనని తన పేరు పెట్టి రాశాడు.

మరి ఆ తీర్పు వచ్చాక కాథలిక్కులు అందరూ లూర్దును నమ్మి తీరాలా? అక్కర్లేదు. క్రైస్తవ విశ్వాసానికి కావలసినదంతా క్రీస్తులోనే వెల్లడైందనీ, తర్వాత వచ్చే ఏ దర్శనమైనా దానికి కొత్తగా ఒక్క అక్షరం చేర్చలేదనీ శ్రీసభ బోధ. దర్శనం ఆ విశ్వాసాన్ని ఇంకాస్త గట్టిగా బతకడానికి సాయపడుతుంది, అంతే. ఆమోదం పొందిన దర్శనాలకు ఇచ్చేది మానుషమైన నమ్మకమే, దైవవిశ్వాసం కాదని 18వ శతాబ్దంలోనే పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ తేల్చిచెప్పాడు. బెర్నాడెట్ కూడా తన వరకు ఆ హద్దు దాటలేదు. చెప్పమంటే చెబుతున్నాను, మిమ్మల్ని నమ్మించే పని నాకు అప్పగించలేదన్నది ఆమె ధోరణి.

స్వస్థతల లెక్క ఇంకా కఠినం. 1883 నుంచి లూర్దులో వైద్య పరిశీలనా కార్యాలయం ఉంది. ఏ మతం డాక్టరైనా, ఏ మతమూ లేని డాక్టరైనా వెళ్లి కాగితాలు చూడొచ్చు. నయమైందని చెప్పుకున్నవాళ్లు ఏడు వేలు దాటారు. 2025 నాటికి అద్భుతాలుగా ప్రకటించినవి 72. డాక్టర్లు చెప్పేది వివరణ దొరకలేదన్నంత వరకే. అద్భుతమనే మాట బిషప్ నోటి నుంచి రావాలి.

1864లో ఆ గూటిలో శిల్పి ఫాబిష్ చెక్కిన పాలరాతి విగ్రహం పెట్టారు. తాను చూసింది అలా లేదని బెర్నాడెట్ అంది. రెండేళ్లకు నెవేర్ మఠంలో చేరింది. 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. 1933లో పునీతురాలిగా ప్రకటించినప్పుడు శ్రీసభ తూచింది ఆమె జీవితాన్ని. దర్శనాలు చూసినందుకు ఎవరికీ ఆ గౌరవం దక్కదు.

ఆ ఫిబ్రవరి 11 మన నేలకూ పండగే. విజయవాడ గుణదల కొండ మీద ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ అర్లాటి 1924లో మాత విగ్రహం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే ఉత్సవాలకు మతంతో పని లేకుండా జనం కొండెక్కుతారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. గుణదలలో దర్శనం జరిగిందని ఎవరూ అనలేదు. ఆ కొండ ఎక్కేవాళ్ల నమ్మకం లూర్దు తీర్పు చదివి పుట్టింది కాదు. మన యాత్రికులు పెద్ద ఎత్తున వెళ్లే వేళాంగణిది వేరే దారి. పాలు తెచ్చే పిల్లవాడికి, మజ్జిగ అమ్మే కుంటి అబ్బాయికి మాత కనిపించిందన్నది తరాలుగా చెప్పుకునే కథ. లోరాన్స్ వేసినలాంటి విచారణ సంఘం అక్కడ లేదు.

లోరాన్స్ పద్ధతికి 1978లో వాటికన్ నియమాలుగా రూపం ఇచ్చింది. కాలం గడిచేకొద్దీ చిక్కులు పెరిగాయి. ఆమ్‌స్టర్‌డామ్ దర్శనాలను 1956లో అక్కడి బిషప్ కాదన్నాడు, 1974లో రోమ్ కూడా కాదంది, 2002లో మరో బిషప్ నిజమేనన్నాడు, 2020లో రోమ్ మళ్లీ కాదంది. నమ్మి మోకరిల్లినవాళ్ల గతేమిటి? 1950 తర్వాత అధికారికంగా తేలినవి ఆరుకు మించలేదని వాటికనే చెప్పుకుంది. అందుకే 2024 మేలో కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు బిషప్ రోమ్‌ను అడిగాకే నోరు విప్పాలి. దొరికే అతి మంచి జవాబు అభ్యంతరం లేదని మాత్రమే. అదే ఏడాది సెప్టెంబరులో బోస్నియాలోని దర్శనాల క్షేత్రం మెజుగోర్యేకు వచ్చింది ఆ జవాబే. అంతకు ముందు నెలలో తంజావూరు బిషప్‌కు రాసిన ఉత్తరంలోనూ రోమ్ వేళాంగణి భక్తిని మనసారా మెచ్చుకుంది. దర్శనం నిజమా కాదా అన్న జోలికి మాత్రం పోలేదు.

ఈ జాగ్రత్త అవసరమేనని ఒప్పుకుంటాను. దర్శనం పేరుతో డబ్బు, పలుకుబడి, మనుషుల మీద పెత్తనం సంపాదించేవాళ్ల నుంచి భక్తులను కాపాడాలి. కానీ ఒక పేద పిల్ల మాటను నాలుగేళ్లు అన్ని వైపుల నుంచీ పరీక్షించి, చివరికి ఒక బిషప్ నిజమేనని రాసి కింద సంతకం పెట్టడంలో ఆ పిల్లకు దక్కిన న్యాయం కూడా ఉంది. అభ్యంతరం లేదన్న మాటతో ఆ న్యాయం దక్కదు. అలాంటి తీర్పు ఇకమీదట రావాలంటే పోప్ ప్రత్యేకంగా పూనుకోవాలి. ఆ వీలును మాత్రం కొత్త నియమాలు ఉంచాయి.